మకోఖా ధర

పొద్దుటి నుంచి మకోఖా ధర పడిపోతూనే ఉంది.

నైరోబీలో కవంగ్వారె పేటలోని తన సెలూన్‌లో నలియాకా సన్నజడలు అల్లుతోంది. కుర్చీలో కూర్చున్నది పక్కింటి అతియెనో వాళ్లమ్మ. ఇద్దరి కళ్లూ అద్దం ముందు పెట్టిన ఫోన్ మీదే ఉన్నాయి.

సాయంత్రం నైరోబీ వీడియో గేమ్ పోటీల ఫైనల్. తెర మీద ఇద్దరు యోధులు తలపడతారు, ఒకడే నిలబడతాడు. ఆడే ఇద్దరిలో ఒకడు నలియాకా తమ్ముడు మకోఖా.

ఫోన్‌లో ఉన్నది అంచనాల బజారు. మకోఖా గెలుస్తాడనుకున్నవాళ్లు గెలుపును కొంటారు, కాదనుకున్నవాళ్లు ఓటమిని కొంటారు. జనం నమ్మకం వందలో ఎంతో ఒక అంకె చెబుతుంది, అదే ధర; ఓటమిని ఎక్కువ కొంటే అది దిగుతుంది. ఆట అయ్యాక నిజమైన వైపుకు వంద వస్తుంది, రెండో వైపుకు ఏమీ మిగలదు. నిన్న అరవై ఉన్న మకోఖా ఇప్పుడు ముప్ఫైకి దిగాడు.

"ఎవరికో ఏదో తెలిసింది. ఊరికే పడదు," అంది అతియెనో వాళ్లమ్మ.

నలియాకాకు పోయిన ఫైనల్ గుర్తొచ్చింది. అప్పుడు తమ్ముడి ధర ఎనభై దాటింది. వాడు నవ్వుకుంటూ వెళ్లి కూర్చుని చిత్తుగా ఓడాడు. తర్వాత ఎన్నాళ్లో గదిలోంచి బయటకు రాలేదు. తలుపు దగ్గర పెట్టిన ఉగాలి ముద్ద పెట్టినట్టే ఉండేది. ఈసారి ఓడితే జట్టులోంచి తీసేస్తామన్నారు.

ఫోన్ మోగింది. మకోఖా.

"అక్కా, చూశావా? నేను ఓడిపోతానని ఒక్కడే కొంటున్నాడు. పేరు కనపడదు గానీ అదే ఖాతా. వాడికి నేనేం చేశాను?"

"నీ ఆట బాగా తెలిసినవాడేమో."



"అంటే నువ్వూ అదే అంటావా?"

"పోయినసారి చూశాంగా."

"చాల్లే. ఇంక నాతో మాట్లాడకు."

పెట్టేశాడు.

"అదేం నోరే నీది? ఆటకెళ్లేవాడితో అనాల్సిన మాటేనా?" అని కసిరింది అతియెనో వాళ్లమ్మ.  పాయలు చిక్కుపడితే నలియాకా విప్పి మళ్లీ అల్లింది.

ఆట మొదలయ్యేసరికి పక్క కొట్లవాళ్లు కూడా వచ్చి టీవీ ముందు చేరారు. మొదటి రౌండు మకోఖా ఓడాడు. ధర పద్దెనిమిది. నలియాకా ఫోన్ బోర్లించేసింది.

"ఏమే, డబ్బు గానీ పెట్టావా?"

"పెట్టాను."

"ఎంత?"

"కొత్త కొట్టు కోసం దాచిందంతా."

"ఓసి పిచ్చిదానా," అని అతియెనో వాళ్లమ్మ సగం అల్లిన తలతోనే కళ్లు మూసుకుని ప్రార్థన అందుకుంది.

రెండో రౌండులో తెర మూలన మకోఖా మొహం చూపించారు. నవ్వు లేదు. పళ్లు బిగబట్టి ఉన్నాడు. ఎదుటివాడు ఒక దెబ్బ కొడితే మూడు కొట్టాడు. ఆ రౌండు గెలిచాడు. ఆఖరి రౌండులో ఎదుటివాణ్ణి లేవనివ్వలేదు.

సెలూన్ దద్దరిల్లింది. అతియెనో వాళ్లమ్మ నలియాకాను వాటేసుకుంది. "పిచ్చిదానివైనా జాతకం ఉన్నదానివే. ముప్ఫై పెట్టి కొన్నది వందయింది. ఇంకా ఏడుస్తావేం?"

ఫోన్ మళ్లీ మోగింది. నలియాకా దాన్ని తీసుకుని గుమ్మం బయటికి నడిచింది.

"అక్కా, గెలిచాను," మకోఖా రొప్పుతున్నాడు. "నీ మీద కోపమేం లేదులే. వాడి మీదే నా కసి అంతా. వాడికి ఒక్క షిల్లింగు కూడా మిగలకూడదనుకుంటూ ఆడాను."

"మిగల్లేదురా," అంది నలియాకా, పొద్దుటి నుంచి తమ్ముడి ఓటమిని కొంటూ వచ్చిన తన ఖాతాలో సున్నాను చూసుకుంటూ.