చుక్క లేని కిటికీ

"మొదలు నన్ను పలగ్గొట్టు భీమయ్యా, ఎన్క కిటికీ సంగతి చూడు" అంటూ వీరేశం పడకగది కిటికీకి వీపు ఆనించి కూర్చున్నాడు.

పొద్దున్నే సుత్తీ ఉలీ పట్టుకొని వచ్చిన మేస్త్రీ భీమయ్య గుమ్మంలోనే ఆగి, ఇంటి కోడలు నిఖిల వంక చూశాడు. మేస్త్రీని పిలిపించింది అత్త కనకమ్మ. అడ్డం కూర్చున్నది మామ.

"నిఖిలా, ఆయనకు చెప్పు" అంది కనకమ్మ, మొగుడు చేతికందే దూరంలో ఉండగానే. "చలి మొదలైనకాంచి పొద్దుగాల లేస్తే గీ అద్దం నిండ నీళ్లే. కారి కారి మూలలన్ని నల్లగ బూజు పట్టినయ్. గదంత ముక్క వాసన. టేకు కిటికీ పెట్టుమంటే విన్నడా? బండ పరిచి దాని మీద అద్దం బిగించిండు."

"ఆమెకు చెప్పు బిడ్డా" అన్నాడు వీరేశం, గోడతో మాట్లాడుతున్నట్టు. "కిటికీ కింద పరిచింది మా తాండూరు బండ. దానికి వంక పెట్టెటోళ్లు ఇంక పుట్టలే."

తాండూరులో జీవితమంతా బండల వ్యాపారం చేసి వికారాబాదులో ఇల్లు కట్టుకున్న మనిషి. బండను ఒక మాట అంటే ఆయన్ను అన్నట్టే. దసరా నాటి నుంచి ఆలుమగల మధ్య మాటలు బంద్. ఎవరు ముందు పలకరిస్తే వాళ్లు ఓడినట్టు. కనకమ్మ పడకగదిలో, వీరేశం ముందు గదిలో. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఆ ఇంట్లో మొండివాళ్లు ఇద్దరు. మధ్యన నిఖిల అడకత్తెరలో పోకచెక్క. బ్లీచింగ్ నీళ్లతో బూజు తుడిచేదీ ఆమే, వీళ్ల మాటలు అటూ ఇటూ మోసేదీ ఆమే.

ఇన్నాళ్లూ ఆమెకు నవ్వే వచ్చేది. ఇవాళ మాత్రం రాలేదు. ఎల్లుండే ఆడబిడ్డ అక్షర నిశ్చితార్థం. పిల్ల తల్లీతండ్రీ పక్కపక్కన కూర్చొని తాంబూలాలు మార్చుకోవాలి.

"గీ కిటికీ పీకేదాక నేను ఆయన పక్కన కూసోను" అంది కనకమ్మ.

"పీకితే నేను కూసోను" అన్నాడు వీరేశం.

తలుపు పక్కన నిలబడ్డ అక్షర కళ్లు చెమ్మగిల్లాయి. ఆ పిల్ల ముఖం చూసి నిఖిల ప్రాణం ఉసూరుమంది.

అప్పుడే నిఖిల భర్త హర్షవర్ధన్ వచ్చాడు. "కిటికీ తప్పు లేదు, బండ తప్పు లేదమ్మా. చలికి అన్నీ బిగించుకొని పండుకుంటం. మన ఊపిరిల తడి పోయి చల్లటి అద్దానికి అంటుకుంటది. మా గదిల ఇద్దరం, తెల్లారితే అద్దం కారుతది. అక్షర ఒక్కతే, ఆమె అద్దం జర మసకైతది. అంతే. రాత్రి జర సందు తీసి పెడితే ఏ ఫికర్ లేదు."

"నేను గూడ ఒక్కదాన్నే గదరా" అంది కనకమ్మ, గెలిచినట్టు. "ఒక్కదాని ఊపిరికి గిన్ని నీళ్లా? కిటికీదే తప్పు."

వీరేశానికి రోషం వచ్చింది. "నేను మాత్రం ఒక్కన్ని గానా? ముందు గదిల గదే అద్దం, గదే బండ. ఒక్క చుక్క ఉంటే చూపియ్యుమను. పోయి నీ కండ్లతోని చూసి రా బిడ్డా."

నిఖిల వెళ్లింది. తలుపులన్నీ బిగించి ఉన్న ఆ చిన్న గదిలో అద్దం మీద వేలు పెట్టి రాసింది. పొడి దుమ్ము అంటింది. చుక్క కాదు కదా, మసక కూడా లేదు. వస్తూ వస్తూ అక్షర గదిలోకీ తొంగి చూసింది. అక్కడ అద్దం పాలు ఒలికినట్టు మసకగా ఉంది. నిఖిల కాసేపు అక్కడే నిలబడిపోయింది. ఎంత ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు. చున్నీతో మూతి తుడుచుకొని తిరిగి వచ్చింది.

"మామయ్య చెప్పింది నిజమే అత్తమ్మా. ఒక్క చుక్క లేదు."

వీరేశం మీసం దువ్వాడు.

"గని మామయ్యా, నాదొక అనుమానం" అంది నిఖిల మెల్లగా. "రాత్రంత ఊపిరి తీసుకోకుంట ఎట్ల పండుకుంటున్రు?"

మీసం మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది. భీమయ్య సుత్తిని సంచిలో వేసుకొని పైకప్పు వంక చూడసాగాడు. కనకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, దసరా నుంచి మొదటిసారి, నలుగురి ముందూ మొగుడి వైపు తిరిగి నేరుగా ఆయనతోనే అంది.

"మొన్ననే చెప్పిన గద, ఒక్క రాత్రన్న పోయి మీ గదిల పండుకోండ్రి అని. విన్నరా?"