హోం నొక్కని పోశన్న

“ఈ డబ్బా తీసేయ్,” అన్నాడు ముదీర్.

“తీయను,” అన్నాడు నాగేంద్రప్రసాద్.

కువైట్‌లోని అర్దియాలో తలుపులు చేసే ఆ వర్క్‌షాపులో మేనేజరుకు, అంటే ముదీర్‌కు, ఎదురు చెప్పినవాడు అంతవరకూ లేడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాగేంద్రప్రసాద్‌కు కడపలోనూ మంచినోరని పేరు లేదు, ఇక్కడా రాలేదు.

డబ్బా అంటే ఓ పాత కంప్యూటరు. టేకు తలుపుల మీద లతలూ పూలూ చెక్కే సీఎన్‌సీ యంత్రాన్ని అదే నడిపిస్తుంది. అందులో ఉన్నది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఊరికే తెచ్చుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. దాన్ని తెచ్చి పెట్టింది నాగేంద్రప్రసాదే. ఊరికే వచ్చిన వస్తువంటేనే ముదీర్‌కు చిన్నచూపు.

పైగా ఒక సాకు కూడా దొరికింది. రెండేళ్ళ కిందట ఆ యంత్రానికి వింత జబ్బు చేసింది. కొన్ని రోజులు బుద్ధిగా పనిచేసేది. కొన్ని రోజులు పొద్దున్నే చెక్కే బిట్టు ఎక్కడికో పరిగెత్తి, నున్నటి తలుపులో గుంత తవ్వేది. ఒక పెద్దమనిషి దివానియాకు, అంటే అతిథులతో కూర్చునే హాలుకు, చేస్తున్న తలుపు అలాగే నాశనమైంది. సాఫ్ట్‌వేర్ చెత్తదని అందరూ తేల్చేశారు. నాగేంద్రప్రసాద్ ఒప్పుకుంటేనా? వైర్లు మార్చాడు. ఎర్తింగ్ చూశాడు. మోటార్లు విప్పి బిగించాడు. ఏమీ దొరక్క, చివరికి యంత్రాన్ని వదిలేసి దాన్ని నడిపే పోశన్నను గమనించాడు.

పోశన్నది జగిత్యాల దగ్గర పల్లె. పని మొదలుపెట్టే ముందు అతను హోం అనే బటన్ నొక్కాలి. అప్పుడు యంత్రం తన మూలకు వెళ్ళి, తానెక్కడుందో తెలుసుకుని వస్తుంది. ఆ పని చేయకపోతే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. పోశన్న ఆ బటన్ ముట్టుకోవడం లేదు. ముందురోజు యంత్రం మూలనే ఆగి ఉంటే బతికిపోయేవాడు, లేకపోతే తలుపు పోయేది.

ఎందుకు నొక్కవని నిలదీస్తే పోశన్న తల దించుకున్నాడు.

“పొద్దుగాల్నే హోం ఎట్ల ఒత్తుత సారూ? మా రూముల హోం అని పోయినోడు ఒక్కడన్న మల్ల రాలే. అందరి ఇఖామాలు ఖలాసే.”

ఇఖామా అంటే కువైట్‌లో ఉండనిచ్చే పర్మిట్టు, అది ఖలాసైతే మళ్ళీ రావడం ఉండదు. బతిమాలినా బెదిరించినా ఆ వేలు కదల్లేదు. నాగేంద్రప్రసాద్ మొండివాడే గానీ, ఇంకో మొండివాణ్ణి చూస్తే గుర్తుపడతాడు. ఆ శుక్రవారం ఫర్వానియాలో తన రూములో కూర్చుని సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు చేశాడు. హోం చేయకుండా స్టార్టు నొక్కితే ఇక యంత్రం కదలదు, తెర మీద ఒక మాట రాసి పోశన్నకు నచ్చజెబుతుంది. అలాంటి సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ ఆనవాయితీ ప్రకారం, నలుగురికీ పనికొస్తుందని ఆ మార్పును ఇంటర్నెట్‌లో కూడా పెట్టేశాడు. తర్వాత ఒక్క తలుపూ చెడలేదు. చెడిన తలుపు మాత్రం ముదీర్ కళ్ళల్లో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు టై కట్టుకున్న ఇంజనీరొకడు తమ కంపెనీ కంట్రోలరు పట్టుకుని వచ్చాడు. నల్లటి పెట్టె, తళతళలాడే తెర. ఇందులో ప్రతి అక్షరం మావాళ్ళే రాశారనీ, ఊరికే దొరికే సరుకు ఒక్కటీ లేదనీ ఇంగ్లీషులో ఊదరగొట్టాడు. పెట్టెతో పాటు దాన్ని నడిపే మనిషినీ కంపెనీయే పంపిస్తుందట. అంటే నాగేంద్రప్రసాద్, పోశన్న ఇద్దరూ ఇంటికే.

డబ్బా వైర్లు పీకి, యంత్రానికి నల్ల పెట్టెను తగిలించారు. ఇంజనీరు బటన్ వైపు చెయ్యి చాపేలోగా నాగేంద్రప్రసాద్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మా డబ్బాకు పట్టిన జబ్బు మీ పెట్టెకు పట్టదంటున్నారు కదా, అయితే మొదటిసారి మా పోశన్నే నడుపుతాడు, ఎవరూ ఒక్క మాట చెప్పకూడదు అని హిందీలో పందెం కట్టాడు. సరిగ్గా నడిస్తే తన ఇఖామా తానే క్యాన్సిల్ చేయించుకుంటానన్నాడు.

నడవకపోతే ఏమిటని ముదీర్ అడిగాడు.

“నడవకపోతే ఈ డబ్బా ఇక్కడే ఉంటుంది. దాంతోపాటు మేమూ ఉంటాం.”

ఇంజనీరు నవ్వి, కానిమ్మన్నాడు. కొత్త టేకు తలుపును యంత్రం మీద బిగించారు. అది పాడైతే ఏమవుతుందో ఊహించుకుని పోశన్న మొహం పాలిపోయింది.

“బెదురుకోగాకు పోశన్నా,” అన్నాడు నాగేంద్రప్రసాద్. “దినామూ ఎట్ల చేచ్చావో అట్లే చెయ్.”

తెర మీద ఆకుపచ్చ రంగులో హోం మెరుస్తోంది. పోశన్న దాన్ని చూసి చూపు తిప్పుకున్నాడు. ముదీర్ వెనక్కి జరిగాడు. మనసులో ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో గానీ, పోశన్న కళ్ళు మూసుకుని నేరుగా స్టార్టు నొక్కాడు.

బిట్టు పరిగెత్తలేదు. అసలు కదల్లేదు.

ప్రతి అక్షరం తామే రాశామన్న ఆ కంపెనీ తెర మీద, అచ్చమైన కడప తెలుగులో ఒక మాట వచ్చి నిలబడింది: “పోశన్నా, ఇది పోయేది కాదు, పోయొచ్చేది. నొక్కబ్బా.”