అయ్యగారు వస్తేనే

రెండో అంతస్తు దాటుతూనే లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

లోపల ఇద్దరు. ఒకరు బట్టల వ్యాపారి. ఇంకొకరు ఆసుపత్రి గదులు కడిగే బకెట్ మనిషి.

వ్యాపారి మీటలన్నీ వరసగా నొక్కాడు. తలుపు బాదాడు. ఫోను తీశాడు. సిగ్నల్ లేదు.

"పదకొండింటికి మా అమ్మకి ఆపరేషను! నేను సంతకం పెట్టాలి!" అని తలుపుతో మొరపెట్టుకున్నాడు.

తలుపు పలకలేదు.

అప్పటికి పదిన్నర. తల్లికి తుంటి విరిగి మూడు వారాలు. షుగరు దిగక ఆపరేషను రెండుసార్లు వాయిదా పడింది. ఇవాళ తప్పితే ఆ డాక్టరు మళ్ళీ ఎప్పుడు దొరుకుతాడో తెలీదు.

ఆవిడది ఒక్కటే షరతు.

"అయ్యగారు వస్తేనే లోపలికెళ్తాను. రోజూ వస్తున్నారురా, ఇవాళ రాకుండా ఉంటారా?" అంది తెల్లవారుతూనే ఫోన్లో.

అయ్యగారంటే తమ చర్చి పాస్టరే కదా. ఆయన్ని పొద్దున్నే కారులో ముందు పంపించాడు. ఆ బేరం కుదిరినట్టే. ఇక మిగిలింది తన సంతకం.

వ్యాపారి ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. గుడ్డను రెండువేళ్ళ మధ్య నలిపి ధర చెప్పగలడాయన. మనుషులకీ అలాగే ధర కడతాడు, నలపకుండానే.

"ఏం కంపయ్యా ఇది!"

"ఫినాయిలండి."

"మనుషులెక్కే లిఫ్టులోకి ఎందుకొచ్చావ్?"

"సామాన్ల లిఫ్టు పాడైందండి. ఇప్పుడు ఇది దానికి తోడైంది."

వ్యాపారికి నవ్వు రాలేదు. ఫ్యాను ఆగిపోయింది. నాలుగు గోడలూ దగ్గరికి జరుగుతున్నట్టుంది. కాలరు తడిసి మెడకి అంటుకుంది. ఊపిరి సగంలోనే తెగిపోతోంది.

చర్చిలో ఆయన్ని మైకన్న అంటారు. మైకు ఆయన చేతికి వెళ్తే తిరిగి రాదని. ఆ గొంతుతోనే అందుకున్నాడు.

"ప్రభువా! ఈ ఇనప్పెట్టెలో నీ దాసుణ్ణి..."

"ముందు కూర్చోండి," అన్నాడు బకెట్ మనిషి.

"ప్రార్థన చేస్తున్నానయ్యా!"

"చేద్దురుగానీ. ముందు కూర్చోండి. పైగుండీ విప్పుకోండి."

ఖాళీ బకెట్ బోర్లించాడు. దానిమీద తన తువ్వాలు పరిచి కూర్చోబెట్టాడు. తన సీసాలో నీళ్ళు తాగించాడు. అట్టముక్కతో విసిరాడు. వ్యాపారి వేళ్ళు ఉబ్బి ఉంగరాలు బిగిస్తుంటే, తడిగుడ్డతో తుడిచి మెల్లిగా లాగి, ఆయన జేబులోనే వేశాడు. ఆ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ కూర్చున్నాడు.

ఇరవై నిమిషాలు. ఒక్క ఓదార్పు మాట లేదు.

తలుపు తెరుచుకుంది. బయట సూపర్‌వైజరు. వ్యాపారికి ఊపిరితోపాటు గొంతూ తిరిగొచ్చింది.

"రోగులెక్కే లిఫ్టులో వీణ్ణెలా ఎక్కనిస్తారండీ? ఈ కంపుకే నాకు ఊపిరాడలేదు!"

సూపర్‌వైజరు బకెట్ మనిషి మీద విరుచుకుపడ్డాడు. "నీకెన్నిసార్లు చెప్పాలి? కార్డిచ్చేసి వెళ్ళు. రేపట్నించి రానక్కర్లేదు."

"మూడో అంతస్తులో చిన్న పని మిగిలిందండి. అది చూసుకుని వెళ్ళిపోతా."

"వెళ్ళమన్నానా!"

బకెట్ మనిషి మెడలో కార్డు తీసిచ్చాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

వ్యాపారి మూడో అంతస్తుకి మెట్లెక్కి పరిగెత్తాడు. కాగితాలమీద సంతకం గీకాడు. వార్డు గుమ్మంలో పాస్టరు ఎదురయ్యాడు.

"ప్రార్థన అయిందా అయ్యగారూ?"

"అయిందన్నా. కానీ అమ్మగారు కదలనంటున్నారు. నా చెయ్యి పట్టుకుని వాసన చూశారు. నువ్వు కాదు నాయనా అన్నారు."

"మీరు కాకపోవడమేంటి? రోజూ వస్తున్నారుగా?"

పాస్టరు తలదించుకున్నాడు. "ఇవాళే మొదటిసారన్నా. మీరు వస్తున్నారు కదా అనుకున్నా."

త్రాసులో రెండు తట్టలూ ఖాళీ. అందుకే ఇన్నాళ్ళూ ముల్లు సమంగా నిలబడింది.

"మరి వచ్చేదెవరు?"

"అమ్మగారికి చూపు లేదు కదా, చెప్పలేకపోతున్నారు. వీపు పుండ్లు పడకుండా పూటపూటా పక్కకి తిప్పుతాడట. ఒళ్ళు తుడిచి పొడిబట్ట కడతాడట. అంత చేసేది అయ్యగారు కాక ఇంకెవరు అంటున్నారు. ప్రార్థన చెయ్యమని అడిగితే మాత్రం, 'చేద్దురుగానీ, ముందు ఆ పక్కకి తిరగండి' అంటాడట."

వ్యాపారి కిటికీ దగ్గరికి ఉరికాడు. కింద గేటు దగ్గర ఎవరూ లేరు.

పదకొండుకి ఐదు నిమిషాలు. మంచం పక్కన స్ట్రెచరు సిద్ధంగా ఉంది. తల్లి మంచంపట్టె గట్టిగా పట్టుకుని పడుకుంది.

వ్యాపారి పట్టెమీద ఆమె చేతిపక్కన తన చెయ్యి ఆనించాడు.

తల్లి ఆ చేతిని తడిమింది. ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. పట్టె వదిలేసింది.

"వచ్చారా అయ్యగారూ! మావాడు రాకపోయినా ఫర్లేదు, మీరొచ్చారు... ఇక తీసుకెళ్ళమనండి."