జోస్న మందు

అప్పటికి ఉబ్బసం మందులు మనిషి జన్యువుల్ని బట్టి తయారవుతున్నాయి. పిల్లలకు అమ్మ జన్యువులకు చేసిన మందో నాన్న జన్యువులకు చేసిన మందో పట్టేది. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే రత్నమేరి కూతురు జోస్నకు మాత్రం రెండూ పట్టలేదు. పిల్లకు విడిగా రక్తపరీక్ష చేయిస్తే నిజం బయటపడుతుందని రత్నమేరి వాయిదా వేస్తూ వచ్చింది. ఒక మధ్యాహ్నం పిల్ల పెదాలు నీలంగా మారేసరికి ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తింది.

"అమ్మదా, నాన్నదా? ఏ మందు పెట్టమంటారు?" అని నర్సు అడిగింది.

కూతురు కళ్లు తెరిచే ఉంది. అన్నీ వింటోంది.

"ఏదీ పట్టదమ్మా. ఇది నేను కన్న పిల్ల కాదు. దీని రక్తం చూసి దీని మందు చెయ్యండి," అంది రత్నమేరి.

కొత్త మందుతో సాయంత్రానికి జోస్న ఊపిరి కుదుటపడింది.

"మరి నన్నెవరు కన్నారు?"

"తెలీదు తల్లీ. పసిగుడ్డుగా అనాథాశ్రమం నుంచి తెచ్చుకున్నాం."

జోస్న గోడవైపు తిరిగి పడుకుంది. రత్నమేరి దుప్పటి తీసి కప్పింది. జోస్న ఇటు తిరగకుండానే అంది:

"నా మందు పేరేంటో అడిగి రామ్మా. మళ్లీ ఆయాసం వస్తే చెప్పాల్సింది నువ్వేగా."