పేరు పెట్టని చోటు

మస్తానయ్య జీపీఎస్ పెట్టెను బియ్యం గిన్నెతో సహా తెచ్చి వినోద్ బల్ల మీద పెట్టాడు.

మైపాడు బస్సులు ఆగే చోట సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అది. పడవల్లో దారి చూపే ఈ పెట్టెలు కూడా అక్కడికే వస్తాయి.

"బియ్యంలో ఎవురు పెట్టమనింది పెదనాయనా?"

వెంట వచ్చిన చిన్నపోలయ్య గొంతు సవరించుకున్నాడు.

"నేనే అబ్బయా. మా కోడలి సెల్లు బకెట్లో పడితే అట్టనే బాగయింది."

"అది బోరునీళ్లు మామా. ఇది సముద్రం. ఈ బియ్యం వండుకుంటే ఉప్పు ఎయ్యాల్సిన పన్లేదు."

కొట్టు ముందు నిలబడ్డవాళ్లు నవ్వారు. తలా ఒక సలహా చెప్పారు. ఎండలో పెట్టమన్నారొకరు. నెత్తిన నాలుగు తట్టమన్నారు ఇంకొకరు.

"ఇంట్లో ఆడోళ్ల చేతికియ్యి. భయానికి అదే పలకతాది" అన్నాడు పోలయ్య.

మస్తానయ్య మీటల సందుల్లో ఇరుక్కున్న గింజలను గోటితో తీస్తున్నాడు.

వినోద్ పెట్టె విప్పాడు. లోపలంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. బ్రష్షుతో రుద్ది, తీగలు తగిలించాడు. తెర వెలిగింది. ఆరిపోయింది.

"మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కియ్యాల. కొత్తదాని మాదిరి పన్జేస్తాది."

"లోపల పాయింట్లు ఉండాయి గదా."

"అయ్యి పోతాయి పెదనాయనా."

చేపలు దొరికే చోట్లు, అడుగున రాళ్లుండి వలలు చిరిగే చోట్లు, అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. దాచింది మస్తానయ్య కొడుకు ప్రవీణ్. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాడు. వంజరం వీధి. అమ్మ పులుసు. వల పట్టుకుంటే వదలని రాళ్లకు, పోలయ్య మామ నోరు.

నిరుడు వానల్లో గాలి లేచి ప్రవీణ్ పడవ మీంచి పడిపోయాడు. శవం కూడా ఒడ్డుకు రాలేదు.

తెర మళ్లీ వెలిగింది. వినోద్ గబగబా పెన్ను అందుకున్నాడు.

"ఆరిపోయేలోపల ఒక్క చోటు అంకెలు రాసుకోగలను. మళ్లీ ఎలగతాదో లేదో. ఏది కావాలో చెప్పు."

"వంజరం వీధి రాయరా. ఏడాది తిండి అది" అన్నాడు పోలయ్య.

"ఆఖర్న ఉండేది రాయి" అన్నాడు మస్తానయ్య.

వినోద్ కిందికి జరిపాడు.

"దీనికి పేరే లేదే. ఉత్త నంబరుండాది. ఇది ప్రవీణ్ పెట్టింది కాదు."

"నేను పెట్టినా. పేరు ఎక్కిచ్చేది నాకు రాదు. మీట నొక్కేది ఒకటే నేర్పిచ్చినాడు."

"ఆడేం పడతాయి?"

"ఆడ మేం వల ఎయ్యం."

పోలయ్య ఒక అట్ట ముక్క తీసి వినోద్ ముందుకు జరిపాడు.

"ఆ దినం ఎతికి ఎతికి, ఎనక్కి తిరిగేముందు నొక్కినా" అన్నాడు మస్తానయ్య.

వినోద్ తలెత్తలేదు. అట్ట ముక్క మీద అంకెలు రాసుకుంటూ, ఒక్కొక్కటే పైకి చదివాడు. బయట నెల్లూరు బస్సు వచ్చి ఆగింది. ఎవరూ కదల్లేదు.

తెర నల్లబడింది.

మీట నొక్కి చూశాడు. తీగలు మార్చి చూశాడు. పెట్టెను నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"చివరి అంకెలు అందలా పెదనాయనా."

మస్తానయ్య అట్ట ముక్క కేసి చూశాడు. అతనికి చదవడం రాదు.

"దీన్ని బట్టి పోతే ఆడికి చేరతానా?"

"దగ్గిరికి పోతావు. సరిగ్గా ఆ చోటే అని చెప్పలేను. కొంచెం అటూ ఇటూ అవతాది."

మస్తానయ్య అట్ట ముక్కను మడతపడకుండా చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"పర్లేదులే అబ్బయా. కొంచెం గట్టిగా పిలస్తా."