మహారాణి షికారు

"ఒక్కరైనా కారు దిగి తోశారో, రేపు పొద్దున్నే పాత సామాన్లవాడికి ఫోన్ చేసేస్తాను," అంది భార్య, సీటు బెల్టు బిగించుకుంటూ.

గడియారాలాయన తాళం చెవి తిప్పబోయి ఆగాడు.

ఊళ్ళో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఎన్నాళ్ళుగానో ఆగిపోయిన గడియారాన్నైనా ఆయన చేతికిస్తే టిక్కుమనాల్సిందే. ఆ చేత్తోనే పదిహేనేళ్ళుగా ఈ కారుకీ ప్రాణం పోస్తున్నాడు. దానికి ముద్దుగా మహారాణి అని పేరు పెట్టుకున్నాడు. అది కూడా పేరు నిలబెట్టుకుంటూ, బుద్ధి పుడితే కదులుతుంది, పుట్టకపోతే ఉన్నవాళ్ళంతా దిగి నెట్టాలి. కిందటి సెలవుల్లో నెట్టీ నెట్టీ భార్య కొత్త చెప్పులు తెగిపోయాయి. ఆ చెప్పుల సంగతి ఆవిడ ఇంకా మర్చిపోలేదు.

"అయితే మాట ఖాయం చేసుకుందాం," అన్నాడు. "సముద్రం ఒడ్డంతా చూసుకుని, సాయంత్రం ఆరులోపు, నలుగురం ఇదే కార్లో కూర్చుని మన ఇంటి ముందుకు రావాలి. ఎవరూ నెట్టకూడదు. అంతేగా?"

"అంతే. అలా వస్తే జన్మలో దీన్ని అమ్మమని అడగను."

"అత్తయ్యగారూ, మీరే సాక్షి!"

"సాక్షిని మాత్రమేనా? తీర్పు కూడా నాదే," అంది వెనక సీట్లోంచి అత్తగారు, బిస్కెట్ల డబ్బా ఒళ్ళోకి లాక్కుంటూ. ఆవిడ పక్కన చిన్నల్లుడు. చిన్నకూతురికి సెలవు దొరక్క మొగుణ్ణి ఒక్కణ్ణే పంపింది.

పొద్దున ప్రయాణం బాగానే సాగింది. మహారాణి రెండుసార్లు దగ్గింది, ఒకసారి గట్టిగా తుమ్మింది, అయినా ఆగలేదు. లైట్‌హౌస్ ఎక్కారు. చిన్నల్లుడు మెట్లు లెక్కపెడుతూ వెళ్ళి, సగంలో లెక్క తప్పి, కిందికి దిగి మళ్ళీ మొదలుపెట్టాడు. రేవు పక్కన హోటల్లో వేయించిన చేపలు తిన్నారు. అత్తగారు చిన్నల్లుడి చేపకి ముళ్ళు తీసిపెట్టి, తీసిన కష్టానికి సగం చేప తనే తినేసింది.

మళ్ళీ కార్లో కూర్చున్నాక గడియారాలాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరితోనో ఫోన్లో గుసగుసలాడాడు. తర్వాత ముఖం తుడుచుకుంటూ, "ఇక్కడి గాలి బ్రహ్మాండంగా ఉంది. ఇంకో అరగంట ఇలాగే కూర్చుని సముద్రం చూద్దాం. దయచేసి ఎవరూ దిగకండి," అన్నాడు.

అరగంట అనుకున్నది గంటయింది. ఆ తర్వాత బయల్దేరారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ తిరుగు ప్రయాణం లాంటిది ఆ కుటుంబం అంతకుముందు ఎరగదు. దగ్గు లేదు, తుమ్ము లేదు. పొద్దున రోడ్డు పక్క పిట్టగోడ అడ్డమొచ్చి సముద్రం సగమే కనబడింది. ఇప్పుడు గోడ మీదుగా ఒడ్డున ఆరేసిన వలలు, వాటి చుట్టూ తిరిగే పిల్లులు, అన్నీ కనబడ్డాయి. పక్కనుంచి పోతున్న బస్సులోని పిల్లలు కిటికీల్లోంచి చేతులూపారు. కూడలిలో పోలీసు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"అల్లుడుగారూ, పల్లకీలో ఊరేగుతున్నట్టుంది," అంది అత్తగారు. "అంత పెద్ద మలుపులో కూడా మీరు బ్రేకు తొక్కలేదు!"

"అంతా అలవాటండీ," అన్నాడు గడియారాలాయన, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, చూపు ముందుకే పెట్టి.

"పెట్రోలు ముల్లు కూడా కదల్లేదు," అన్నాడు చిన్నల్లుడు ముందుకు వంగి చూసి.

"మహారాణి పొదుపు మనిషి."

"ఇంకా ఇల్లు రాలేదు," అంది భార్య కటువుగా.

దారిలో ఒకచోట ఆగి కాల్చిన మొక్కజొన్న కంకులు కొన్నారు. అమ్మే ఆవిడ పాపం మునివేళ్ళ మీద నిలబడి, ఒక్కో కంకీ కిటికీలోంచి అందించింది. అందిస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది.

"అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు కంకి కొరుకుతూ. "ఇందాకట్నుంచీ ఈ లారీ వెనకే పోతున్నాం. ఓవర్‌టేక్ చేసెయ్యరాదూ?"

"మనకేం తొందర? ముందు వాణ్ణే పోనీ."

భార్యకి పొలమారింది. దగ్గలేక నవ్వలేక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు వెనకనుంచి ఆవిడ తల మీద తడుతూ, "ఎవరు తలుచుకుంటున్నారో!" అంది.

"పాత సామాన్లవాడే అయ్యుంటాడు," అన్నాడు చిన్నల్లుడు.

గడియారాలాయనకి నవ్వు రాలేదు. ఆరు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. మహారాణి లేని వాకిలిని ఊహించుకుంటేనే ఆయనకి నోట్లో కంకి చేదెక్కింది. ఎవరూ చూడకుండా డాష్‌బోర్డు మీద చెయ్యేసి ఓసారి నిమిరాడు.

ఆరుకి పది నిమిషాలుందనగా ఇంటి ముందు ఆగారు. ఎదురింటివాళ్ళు అప్పటికే గేటు దగ్గరికి వచ్చి చూస్తున్నారు.

అత్తగారు డబ్బాలో మిగిలిన ఆఖరి బిస్కెట్ తినేసి, గొంతు సవరించుకుని తీర్పు చెప్పింది.

"ఆరు కాలేదు. నలుగురం ఈ కార్లోనే కూర్చుని వచ్చాం. ఎవరూ నెట్టలేదు. కనక పెద్దల్లుడే గెలిచారు."

"అమ్మా, నువ్వు కూడానా!" అంది భార్య.

"అన్న మాట మీద నిలబడాలే పిల్లా."

భార్య కోపంగా చూడాలనుకుంది గానీ ముఖం మాట వినలేదు. పకపకా నవ్వేసింది. "సరే, ఉంచుకోండి మీ మహారాణిని. ఇక అమ్మమంటే ఒట్టు!"

గడియారాలాయన ఆనందం పట్టలేకపోయాడు. స్టీరింగుని ముద్దుపెట్టుకోవడమొక్కటే తక్కువ. ఆ పనీ చేసేశాడు.

ఇంతలో కిందినుంచి డ్రైవరు కేకేశాడు: "సార్, గొలుసులు విప్పేసి మీ కారుని నా లారీ మీంచి దించేయమంటారా?"