జబ్బుల పుట్ట

గళ్ల చొక్కా పెద్దాయన మళ్లీ చెయ్యెత్తాడు.

"ఇంకో సందేహం తల్లీ. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పాలసీ తీసుకుంటే ఏమవుతుంది?"

ఏజెంటమ్మాయి నవ్వు తెచ్చుకుంది. "చివర్లో చెప్తాను బాబాయ్ గారూ."

అది మిల్లులో రిటైరైనవాళ్ల సంఘం హాలు. వయసు మళ్లినవాళ్లకి ఆరోగ్య బీమా గురించి చెప్పడానికి వచ్చిందామె. నెలాఖరు. టార్గెట్ సగం దగ్గరే ఆగింది. ఈసారీ తప్పితే వేరే పని వెతుక్కోమని మేనేజరు పొద్దున్నే చెప్పాడు.

"మరి మూత్రం ఆగనివాళ్లకి? ప్రోస్టేట్ అంటారే, అది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అదీ చెప్తాను."

"పోనీ, మతిమరుపు మొదలైందనుకో. రాయాలా? రాస్తే పాలసీ ఇస్తారా? రాయకపోతే రేపు ఆసుపత్రిలో ఏమంటారు?"

ముందు వరుసలో ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఇంకొకాయన కుర్చీలోంచి సగం లేచాడు. జనం జారిపోతున్నారని ఆమెకి భయం పట్టుకుంది.

"బాబాయ్ గారూ, మీకు లేని జబ్బేదో చెప్పండి, అది రాసుకుంటాను. మీరు మనిషా, జబ్బుల పుట్టా?"

హాలు గొల్లుమంది. లేవబోయినాయన మళ్లీ కూర్చున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది క్రేను ఆపరేటరు. మిల్లు బళ్లో పాఠాలు చెప్పిన టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన కూడా నవ్వాడు. "పుట్టనేలే తల్లీ. పుట్ట అడిగినా జవాబు చెప్పొచ్చుగా."

"మీకు విడిగా చెప్తాను. పదిమంది టైమూ తినేయకండి. కాసేపు బయట కూర్చోండి."

ఆయన లేచాడు. తలుపు దగ్గర ఆగి హాలంతా ఒకసారి చూశాడు, ఎవరైనా నోరు విప్పుతారేమోనన్నట్టు.

ముందు వరుసవాళ్లు దరఖాస్తుల కోసం చేతులు చాచారు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. "ఇక్కడున్నవాళ్లంతా ఉక్కుపిండాలే కదా" అంటూ, దరఖాస్తుల్లో జబ్బుల గడులన్నిటిలో ఆమే 'లేదు' అని రాసేసింది. అప్పుడే నవ్విన నోటితో 'ఉంది' అని ఎవరంటారు? అందరూ సంతకాలు పెట్టారు.

ఆమె బయటికి వచ్చేసరికి మెట్ల మీద ఆయన లేడు. హమ్మయ్య అనుకుంది.

చలికాలంలో టీచరమ్మకి ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చారు. పాత ఉబ్బసం దాచిందని కంపెనీ క్లెయిము తిప్పికొట్టింది. ఆవిడ ఇంటికి అమ్మకం బోర్డు పడింది.

ఏజెంటమ్మాయి చూడ్డానికి వెళ్లింది. బోర్డు పక్కన కాసేపు నిలబడింది. తప్పు తనది కాదని ఎవరైనా అంటే వినాలని ఉంది ఆమెకి.

టీచరమ్మ దిండ్లకి ఆనుకుని కూర్చుంది. క్రేను ఆపరేటరు పక్కనే నారింజ ఒలుస్తున్నాడు.

"ఉబ్బసం ఉందని నాకు చెప్పలేదేం టీచర్ గారూ? ఒక్క మాటంటే ఇంకో ప్లాన్ చూసేదాన్ని కదా."

టీచరమ్మ ఊపిరి కూడదీసుకుంది.

"అడిగించాను కదమ్మా."

"ఎవరిచేత?"

"పుట్ట అన్నావే, ఆయనచేత. నలుగురిలో చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. నాదన్నట్టే అడుగుతాలెండి, నాకేం సిగ్గు అన్నాడు."

ఏజెంటమ్మాయి క్రేను ఆపరేటరు వైపు చూసింది. ఆయన నారింజ మీంచి తలెత్తలేదు.

"ఆ ప్రోస్టేట్ ప్రశ్న నాది. మతిమరుపు మా ఆవిడది," అన్నాడు. "నవ్వకపోతే నాదని తెలిసిపోతుందేమోనని గట్టిగా నవ్వాను."

"మరి ఆయన పాలసీ సంగతి?"

"ఆ వయసుకి మీవాళ్లు పాలసీయే ఇవ్వరుగా. తెలిసే వచ్చాడు."

ఆమె లేచింది. "ఇల్లెక్కడో చెప్పండి. వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

"ఇల్లయితే ఈ సందు చివర్లోనే. ఆయనే లేడు. పోయిన నెల నిద్రలోనే వెళ్లిపోయాడు."

అయినా వెళ్లింది. అందరి ప్రశ్నలూ మోసుకొచ్చిన మనిషి తన ప్రశ్న ఏది అడగకుండా ఉండిపోయాడో అని దారంతా అదే ఆలోచన. ఆ రోజు ఇంకో నిమిషం ఆగి ఉంటే అదీ అడిగేవాడేమో.

ఆయన భార్య తలుపు తీసింది. గళ్ల చొక్కా ఇంకా కొక్కేనికే ఉంది.

ఏజెంటమ్మాయి కూర్చుంది. కణతలు నొక్కుకుంది.

"ఏమైంది తల్లీ?"

"తల పగిలిపోతోంది పిన్నిగారూ. ఒక మాత్ర ఉంటే ఇస్తారా?"

పెద్దావిడ లోపలికి వెళ్లింది. అలమారు తీసిన చప్పుడు, డబ్బాలు జరిపిన చప్పుడు. కాసేపటికి మంచినీళ్ల గ్లాసుతో వచ్చింది.

"మా ఇంట్లో మాత్రలుండవమ్మా. మా ఇద్దరికీ ఎప్పుడూ ఒక్క జబ్బూ లేదు."